మీట నొక్కే ముందు

కొత్త కోడలిగా హిందూపురం వచ్చిన పదోరోజున నేను మా అత్తగారి వంటింటి అలమర సర్దాను. ఎవరూ సర్దమనలేదు. ఆవిడ మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చిన సమయం చూసి, డబ్బాలన్నీ కిందికి దింపి, తుడిచి, పెద్దవి వెనక్కీ చిన్నవి ముందుకీ పెట్టి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను. బి.ఏ. చదివిన పిల్లని కదా, ఇంటికొక పద్ధతి తెచ్చాననుకున్నాను. ఆ సాయంత్రం ఎవరో పెద్దమనుషులు వచ్చారు. అత్తగారు కలిపిచ్చిన కాఫీ ఒక గుక్క తాగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చక్కెర ఉండాల్సిన చోట ఉప్పు ఉంది మరి!

అత్తగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. రాత్రి మావారే చెప్పారు, ఆవిడకు చూపు బాగా తగ్గి రెండేళ్ళయిందనీ, డబ్బాని చూసి తియ్యదు, చోటు చూసి తీస్తుందనీ. నాకు తల కొట్టేసినట్లయింది. తెల్లారగానే అలమర మళ్ళీ పాతపద్ధతిలోకి మారుద్దామని నిలబడ్డాను. తీరా చూస్తే ఏ డబ్బా ఎక్కడ ఉండేదో ఒక్కటీ గుర్తు లేదు. మార్చేముందు చూశాను. చూసింది రాసి పెట్టుకోలేదు. ఆవిడే వచ్చి, తడుముకుంటూ, ఒక్కొక్క డబ్బా మూత తీసి వాసన చూసి, దాని చోట దాన్ని పెట్టుకుంది.

ఈ సంగతి ఇన్నేళ్ళకి మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మా అక్క చేసిన ఫోను. అక్కది ధర్మవరం. పోయిన శ్రావణమాసంలో ఒకరోజు పొద్దున్నే ఫోను మోగింది.

"ఏం పాపా, మన పెట్టె రాత్రినుంచీ ఒకటే కూస్తాంది. అబ్బోడు ఆసుపత్రి ఇడిచి రాలేడంట. నువ్వన్నా రా."

అబ్బోడంటే అక్క కొడుకు. భార్యకు నొప్పులొస్తున్నాయని బెంగుళూరు ఆసుపత్రిలో కూర్చుని ఉన్నాడు. కూస్తున్నది ఏ పెట్టో అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"నేనొచ్చి ఏం చేస్తానక్కా? కథలు రాసుకునేదాన్ని."

"నీకు ఇంగిలీషు అక్షరాలు సదవనూ వస్తాది, రాయనూ వస్తాది. ఓపికా ఉండాది. ఈడ పనోళ్ళకు మొదటిది ఉంటే రెండోది లేదు. అబ్బోడు ఫోన్లో చెప్తాడంట, రా."

నా చదువుకి ఇంత గొప్ప యోగ్యతాపత్రం ఎవరూ ఇవ్వలేదు. అన్నం వండి మూతపెట్టి స్టేషనుకి పరుగెత్తాను. హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం. దారిపొడుగునా నేను కిటికీలోంచి ఒక్క కొండనీ చూడలేదు. మా బావగారే కళ్ళముందు ఉన్నారు.

బావగారు పట్టుచీరలకి డిజైన్లు గీసేవారు. ధర్మవరం చీర అంటే అందరూ జరీ చూస్తారు, రంగు చూస్తారు, ధర చూసి గుండె చేత్తో పట్టుకుంటారు. ఆ అంచు మొదట ఒక గళ్ళ కాగితం మీద పుడుతుందని ఎంతమందికి తెలుసు? నిలువు గీతలు పడుగు, అడ్డ గీతలు పేక. ఏ గడిలో రంగు నింపితే అక్కడ పడుగు దారం పైకి లేవాలని అర్థం. ఆ కాగితం చూసి అట్టలకి బెజ్జాలు కొడతారు. ఒక్కో పేక పోగుకి ఒక్కో అట్ట. అట్టలన్నిటినీ దారంతో దండలా కుట్టి మగ్గం నెత్తిమీద జాకార్డుకి తగిలిస్తారు. అట్టకి బెజ్జం ఉన్నచోట సూది దూరుతుంది, కొక్కెం లేస్తుంది, దానితో పడుగు దారం లేస్తుంది. బెజ్జం లేనిచోట లేవదు. ఇంతే రహస్యం. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ పట్నంలో జోసెఫ్ మేరీ జాకార్డ్ చేసి చూపిన ఈ యంత్రాన్ని చూసే తరవాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి బెజ్జాల అట్టలు వాడదామనుకున్నాడు. అంటే వరస కలిపితే మన మగ్గం మీది అట్ట, కంప్యూటరుకి ముత్తాత అవుతుంది.

బావగారు పోయి నాలుగేళ్ళయింది. ఆయన ముప్ఫయ్యేళ్ళు గీసిన గళ్ళ కాగితాలు అటకమీద ఉండిపోతే కొన్నిటిని చెదలు తిన్నాయి. మిగిలినవాటిని మావాడు ఒక్కొక్కటే దించి, స్కాన్ చేసి, కంప్యూటర్లో పెట్టాడు. ఇప్పుడు డిజైన్లు అందులోనే గీస్తారు. కొందరికి అట్టలు కొట్టి ఇస్తారు, ఎలక్ట్రానిక్ జాకార్డులున్నవాళ్ళకి ఫైలే ఇస్తారు. పాత అంచులు మళ్ళీ కావాలని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. అంచేత ఆ పెట్టె ఆ ఇంటికి అన్నం పెట్టే పెట్టె. అంతకంటే ముఖ్యం, మా అక్క దృష్టిలో అందులో ఉన్నది బావగారే.

నేను వెళ్ళేసరికి పెట్టె కూయడం మానేసింది. అది మంచి శకునం అనుకున్నాను. కాదట. పనిలో ఉన్న కుర్రాడు గోడకి ఆనుకుని, కొట్టబోతారేమో అన్నట్టు నిలబడి ఉన్నాడు.

జరిగింది ఇదీ. పెట్టెలో నాలుగు డిస్కులున్నాయి. వాటిలో ఒకటి చెడిపోయి కూత పెడుతోంది. కొత్త డిస్కు బెంగుళూరునుంచి బస్సు పార్సెల్లో ముందే వచ్చింది. "రెండో నంబరుది తీసి దీన్ని పెట్టు" అని మావాడు ఆసుపత్రి హడావిడిలో ఫోన్లో చెప్పాడు. చెడినదాని దగ్గర ఎర్రదీపం వెలగాలిట గాని ఆ పెట్టెకి దీపాలు ఎప్పుడో ఆరిపోయాయి. కుర్రాడు వేలితో ఒకటి, రెండు అని లెక్కపెట్టి రెండోది లాగాడు. కాని యంత్రాలు సున్నానుంచి లెక్కపెడతాయి. సున్నా, ఒకటి, రెండు. చెడింది మనం లెక్కపెడితే మూడోది! బాగున్నదాన్ని లాగేసరికి తెర కొయ్యబారిపోయింది. భయపడి మళ్ళీ తోసేశాడు. లాభం లేకపోయింది. పెట్టె ఆపేశాడు.

నాలుగు డిస్కులు ఎందుకు, ఒకటి పోతే ఏమిటి, రెండు పోతే ఏమిటి అని నేను మావాణ్ణి ఫోన్లో అడిగాను. వాడు నాకు అర్థమయ్యే భాషలో చెప్పాడు.

"నువ్వు నెల పద్దు రాస్తావు కదా చిన్నమ్మా. పాలు 1,800, కూరలు 2,400, కిరాణా 5,000. కింద మొత్తం 9,200. ఇప్పుడు కిరాణా అంకె మీద నీళ్ళు పడి చెరిగిపోయిందనుకో. తెలుసుకోలేవా?"

"మొత్తంలోంచి మిగతా రెండూ తీసేస్తే తెలుస్తుంది."

"అదే. మూడు డిస్కుల్లో పద్దులు, నాలుగోదాంట్లో మొత్తం. ఆ మొత్తాన్ని ఒకేచోట కాకుండా వంతులవారీగా నాలుగిట్లోనూ రాస్తారు. ఏ ఒక్కటి పోయినా లెక్కగట్టి తెచ్చుకోవచ్చు. రెండు పోతే మాత్రం..."

రెండు అంకెలు చెరిగితే మొత్తం చూసి ఏది ఎంతో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. యంత్రం చేసే లెక్క మన కూడిక కాదుట, ఇంకొక రకంట. కాని సారం ఇదే. ఇలా చవకరకం డిస్కుల్ని జట్టుకట్టించి ఒక ఖరీదైన పెద్ద డిస్కు పని చేయించవచ్చునని 1988లో కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు ముగ్గురు, ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ అనేవాళ్ళు, ఒక వ్యాసం రాశారు. ఆ జట్టుకే రెయిడ్ అని పేరు. మా అక్క ఇంట్లోది అందులో అయిదో రకం.

ఈ నాలుగిటిమీదా పెత్తనం చేసేది ఒక చిన్న పలక. దాన్ని కంట్రోలర్ అంటారు. కంప్యూటరుకి కనబడేది ఒకే పెద్ద డిస్కు. వెనకాల నలుగురున్నారని, అందులో ఒకరికి ఒంట్లో బాగాలేదని, మిగతా ముగ్గురూ ఆ పని పంచుకుంటున్నారని దానికి తెలియదు. కంచంలోకి వేడిగా అన్నం వస్తే చాలు, వంటింట్లో ఏం జరిగిందో కొందరు మగవాళ్ళకి తెలియనట్టు! ఆ పలకకి సొంత బుర్ర, సొంత జ్ఞాపకం, దాన్ని నడిపే సొంత ప్రోగ్రాము ఉన్నాయి. ఆ ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. హార్డ్‌వేర్‌లా గట్టిదీ కాదు, సాఫ్ట్‌వేర్‌లా మెత్తనిదీ కాదు, మధ్యరకం జున్నుముక్క అన్నమాట. ఆషర్ ఓప్లర్ అనే ఆయన 1967లో ఒక పత్రికలో ఈ మాట వాడాడు. ఏ పని ఎలా చెయ్యాలో దానికి చెప్పి పెట్టే ఏర్పాట్లే సెట్టింగులు.

వాటిని చూడాలంటే పెట్టె కళ్ళు తెరిచే మొదటి కొద్ది క్షణాల్లోనే రెండు మీటలు కలిపి నొక్కాలి. ఒక్కో కంపెనీది ఒక్కో జత. కొందరిది కంట్రోల్‌తో ఆర్, కొందరిది కంట్రోల్‌తో హెచ్. ఆ క్షణం దాటితే మళ్ళీ ఆపి మళ్ళీ మొదలెట్టాలి. రెండుసార్లు తప్పి మూడోసారికి నాకు దొరికింది.

నల్లటి తెర. తెల్లటి అక్షరాలు. మొదటే ఒక మాట చూసి నా ప్రాణం చివుక్కుమంది. "ఫారిన్ కాన్ఫిగరేషన్" దొరికిందని ఉంది. అంటే పరాయి అమరిక. నిన్నటిదాకా ఇంట్లో ఉన్న డిస్కే. కాసేపు బయటికి లాగి మళ్ళీ పెట్టేసరికి పరాయిదైపోయింది! దానిమీద రాసున్నదీ, కంట్రోలర్ తన దగ్గర రాసుకున్నదీ పొంతన కుదరడం లేదు. ఎదురుగా రెండు దార్లు చూపించింది. ఒకటి "ఇంపోర్ట్", కలుపుకో. రెండోది "క్లియర్", తుడిచెయ్యి.

ఇంతలో కుర్రాడు ఇంకో ఫోను నాకు అందించాడు. ఆ మధ్య వచ్చి పెట్టె బాగుచేసి వెళ్ళిన మరమ్మతులతను. "క్లియర్ కొట్టండి మేడమ్, ఎర్రర్లన్నీ పోతాయి" అన్నాడు. ఎంత తియ్యటి మాట! నా వేలు ఆ మీటమీదికి వెళ్ళింది కూడా. ఎర్రర్లు పోవడంకంటే కావలసిందేముంది?

అప్పుడే మావాడు రెండో ఫోన్లోంచి అరిచాడు. "చిన్నమ్మా, దేన్నీ నొక్కద్దు! ముందు ఏముందో చదువు. చదివింది రాసుకో. చూడ్డంవల్ల ఏదీ చెడిపోదు. మార్చితేనే చెడేది."

క్లియర్ కొడితే ఎర్రర్లు పోయేవి, నిజమే. వాటితోపాటు ఆ డిస్కు మీది అమరికా పోయేది. నాలుగిట్లో ఒకటి చెడింది, ఇంకొకటి ఎవరికీ చెందనిది అయ్యేది. ఉన్న రెండిటితో లెక్క తేలదు. బావగారి ముప్ఫయ్యేళ్ళు ఒక్క మీటకి దూరంలో ఉన్నాయి.

ఇంపోర్టు చేసేముందు ఏం కలుపుకోబోతోందో చూపించే ప్రివ్యూ ఉంటుందని వాడు చెప్పాడు. వెతికి పట్టుకున్నాను. అక్షరం అక్షరం చదివి వినిపించాను. రెయిడ్ అయిదు, డిస్కులు నాలుగు, ఒకటి లేదు, స్థితి డిగ్రేడెడ్, అంటే నీరసంగా ఉన్నా బతికే ఉంది. వాడు అవతల గట్టిగా ఊపిరి వదలడం నాకు వినబడింది. "ఇప్పుడు కలుపుకోమను" అన్నాడు.

ఆ మీట నొక్కేటప్పుడు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ధర్మవరంనుంచి హిందూపురం వెళ్ళిన నేను ఎన్నాళ్ళు అత్తవారింట్లో "ధర్మవరం అమ్మాయి"గా ఉన్నానో, పండక్కి పుట్టింటికొస్తే ఎన్నిసార్లు "హిందూపురం వాళ్ళు" అనిపించుకున్నానో! రెండుచోట్లా పరాయి. అదృష్టవశాత్తూ మా అత్తగారు నా ఉప్పుకాఫీ చూసి కూడా క్లియర్ కొట్టలేదు. మూతతీసి వాసన చూసి, నా చోట నన్ను పెట్టుకుంది.

డిస్కులు కలిశాయి. డిజైన్ల జాబితా తెరమీద కనబడగానే అక్క ఆ తెరకి దణ్ణం పెట్టింది. వెంటనే పెట్టె మళ్ళీ కూత మొదలెట్టింది.

"ఆ అలారం ఆఫ్ చేసెయ్యండమ్మా, తల పగిలిపోతాంది" అన్నాడు కుర్రాడు. చూస్తే అలారానికి మూడు ఏర్పాట్లున్నాయి. ఆన్, ఆఫ్, సైలెన్స్. ఆఫ్ అంటే ఇక ఎప్పుడూ కూయదు, ఇంకో డిస్కు పోయినా సరే. సైలెన్స్ అంటే ఇప్పటికి ఊరుకుంటుంది, రేపు కొత్త కష్టం వస్తే మళ్ళీ నోరు తెరుస్తుంది. ఏడ్చే పిల్లని సముదాయించడానికీ నోరు కుట్టెయ్యడానికీ ఉన్నంత తేడా. సైలెన్స్ పెట్టాను.

తరవాత వాడు పేజీ పేజీ తిప్పమన్నాడు. నేను ఒక నోటుబుక్కు తీసుకుని, ఎడమపక్కన సెట్టింగు పేరు, కుడిపక్కన అది ఇప్పుడెలా ఉందో రాస్తూ వెళ్ళాను. పదిహేను పేజీలయింది. ఫోటోలు కూడా తీసి పంపాను గాని, చేత్తో రాస్తున్నప్పుడే బుర్రలోకి ఎక్కింది. వాటిలో రెండింటి దగ్గర వాడు ఆగిపోయాడు.

మొదటిది డిస్కులకి రాసే పద్ధతి. ఎవరైనా ఒక ఫైలు దాచమంటే కంట్రోలర్ రెండు రకాలుగా చెయ్యవచ్చు. డిస్కుమీద నిజంగా రాసి, అప్పుడు "రాశాను" అనవచ్చు. ఇది నిదానం. లేదా తన జ్ఞాపకంలో ఉంచుకుని ముందే "రాశాను" అనేసి, తీరిగ్గా తరవాత రాయవచ్చు. ఇది వేగం. రెండో పద్ధతి క్షేమంగా సాగాలంటే కరెంటు పోయినా ఆ జ్ఞాపకాన్ని నిలబెట్టే చిన్న బ్యాటరీ ఒకటి కంట్రోలరుకి ఉండాలి. ఆ బ్యాటరీ చచ్చిపోతే కంట్రోలర్ తనంతట తానే నిదానం పద్ధతిలోకి దిగిపోతుంది. మా పెట్టెలో జరిగింది అదే. బ్యాటరీ పోయింది, పెట్టె నిదానించింది. పెట్టె నిదానంగా ఉందని పిలిస్తే వచ్చిన మరమ్మతులతను ఎందుకు నిదానించిందో చూడకుండా, బ్యాటరీ ఉన్నా లేకపోయినా ఎప్పుడూ వేగంగానే పొమ్మని సెట్టింగు మార్చి వెళ్ళాడు. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. పెట్టె పరుగెత్తింది. అందరూ భేష్ అన్నారు.

రెండోది గస్తీ. ప్యాట్రోల్ రీడ్ అంటారుట. ఖాళీ దొరికినప్పుడు కంట్రోలర్ డిస్కులన్నీ మొదటినుంచి చివరిదాకా చదివి ఎక్కడైనా పుచ్చు పట్టిందేమో చూసుకుంటుంది. మామూలుగా 168 గంటలకొకసారి, అంటే వారానికొకసారి. మనం పప్పు డబ్బాలు ఎండలో పోసి చూసుకోమూ, అలాగ. ఆ గస్తీ కూడా వేగంకోసం ఎవరో మాన్పించేశారు. డిస్కు చెడేదాకా చెడుతోందని తెలియకపోవడానికి కారణం ఇదే అయుంటుందని మావాడు అనుకున్నాడు.

"అయితే అన్నీ ఇప్పుడే సరిచేసేద్దాం" అన్నాను ఉత్సాహంగా.

"వద్దు చిన్నమ్మా. ఈరోజు ఒక్కటే. రాసే పద్ధతిని బ్యాటరీ ఉంటేనే వేగం అని మార్చు. గస్తీ సంగతి నాలుగో డిస్కు పూర్తిగా కోలుకున్నాక చూద్దాం. నీరసంగా ఉన్నప్పుడు దాంతో ఎక్కువ పని చేయించకూడదు. రెండు ఒకేసారి మార్చి ఏదైనా తేడా వస్తే, ఏది మార్చినందుకు వచ్చిందో ఎట్లా తెలుస్తుంది?"

నాకు మా లేపాక్షి గుర్తుకొచ్చింది. హిందూపురంనుంచి ఎంతో దూరం లేదు. వీరభద్రస్వామి గుడి మంటపంలో ఒక స్తంభం నేలకి పూర్తిగా ఆనకుండా వేలాడుతున్నట్టుంటుంది. వెళ్ళినవాళ్ళంతా కిందనించి తుండుగుడ్డ దూర్చి ఇవతలికి లాగి మురిసిపోతారు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఒక ఇంజనీరు, ఆనని స్తంభం ఎందుకులే అని దాన్ని జరపబోతే పక్క స్తంభాలు కూడా కదిలాయనీ, హడలిపోయి మానుకున్నాడనీ మావైపు చెప్పుకుంటారు. నిజానిజాలు ఆ స్వామికెరుక. మోస్తున్నట్టు కనబడనిది కూడా ఏదో మోస్తుందనే భయం మాత్రం మంచిదే.

ఒక్కటే మార్చాను. మార్చిన తేదీ, మునుపటి విలువ, కొత్త విలువ, కారణం నోటుబుక్కులో రాశాను. ముందుగా డిజైన్లన్నీ వేరే డిస్కులోకి నకలు తీశాం. అది అయ్యేసరికి దీపాలు పెట్టేవేళ అయింది. అప్పుడు కుర్రాడు నా ఎదుటే సున్నా, ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టి, అసలైన చెడ్డదాన్ని తీసి కొత్తది పెట్టాడు. కంట్రోలర్ మిగిలిన మూడింటినీ చదువుతూ, లెక్కలు వేస్తూ, కొత్తదానిమీద రాయడం మొదలెట్టింది. ఈ పనికి తన శక్తిలో ఎంత వాడాలన్నది కూడా ఒక సెట్టింగే. 30 శాతం అని ఉంది. "100 పెడితే తొందరగా అయిపోతాది కదమ్మా" అన్నాడు కుర్రాడు. పొద్దున్నయితే నేనూ అదే అనేదాన్ని. "ఉండనీ నాయనా" అన్నాను. పాలు పొంగుతాయేమో అని పొయ్యి దగ్గర కాపలా కాసినట్టు ఆ శాతం అంకె చూస్తూ అక్కా నేనూ రాత్రంతా కూర్చున్నాం. తెల్లవారుజామున నూరైంది.

అన్నీ వచ్చాయి. ఒక్కటి రాలేదు.

అంతకుముందు వారం పెద్ద వాన కురిసి కరెంటు పోయింది. ఇంట్లో యూపీఎస్ రెండు నిమిషాలు మూలిగి ఆరిపోయింది. ఆరోజే అక్క ఒక పని పూర్తిచేసి ఉంది. బావగారు తమ పెళ్ళికోసం గీసిన అంచు, మామిడిపిందెల వరస, దాని కాగితం సగం చెదలు తినేస్తే, అక్క పదిరోజులపాటు పిల్లోడి పక్కన కూర్చుని గడి గడి చెప్పి పూరించింది. దాచమన్నారు. "దాచాను" అంది యంత్రం. జ్ఞాపకంలోనే ఉంచుకుంది, డిస్కు మీద రాయలేదు. కరెంటుతోపాటు అదీ పోయింది. ఫైలు పేరుంది, తెరుచుకోదు. నాలుగు డిస్కులు కాదు, నలభై ఉన్నా రాయనిదాన్ని తిరిగి తెచ్చివ్వలేవు.

ఈ సంగతి మేము చెప్పలేక చెబితే అక్క కాసేపు ఏమీ అనలేదు. లేచి బీరువా తెరిచింది. అడుగునుంచి తెల్ల గుడ్డలో చుట్టిన మూట తీసింది. పెళ్ళిచీర. మడతలమీద జరీ నల్లబడింది. అంచు మాత్రం నిక్షేపంగా ఉంది.

"కాగితం పోతేనేమి? గుడ్డమీద రాసే పోయినాడు మీ బావ" అంది.

భూతద్దం పట్టుకుని, దబ్బనం మొనతో ఒక్కో పోగూ లెక్కపెడుతూ చెబుతోంది. కుర్రాడు గడులు నింపుతున్నాడు. ఎనిమిది గంటలకి బెంగుళూరునుంచి ఫోను. ఆడపిల్ల! అక్క భూతద్దం దించకుండానే, "పాపకు మొదటి పట్టుపావడా ఈ అంచుతోనే" అంది. కుర్రాడు ఈసారి పదినిమిషాలకొకసారి ఫైలు దాచి, ఇంకో డిస్కులో కూడా నకలు పెడుతున్నాడు. పెట్టె నిదానంగా ఉందని గొణిగాడు. "నిదానమైతే ఏం, రైలు పోతాందా?" అంది అక్క.

నా రైలు మాత్రం పోతుందని లేచాను. ఈసారి కిటికీలోంచి చూశాను. పెనుకొండ రాగానే కొండమీది కోటగోడలు కనబడ్డాయి. చిన్నప్పుడు చరిత్రలో చదువుకున్నదే, విజయనగర రాజులకి పెనుకొండ ఎప్పటినుంచో ముఖ్యమైన కోట. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడి హంపీ నేలమట్టమైతే, తిరుమలరాయలు రాజునీ ఖజానానీ తీసుకుని ఇక్కడికొచ్చాడు. రాజధాని ఇక్కడినుంచి నడిచింది. ముందే కట్టి, మనుషుల్ని పెట్టి, సిద్ధంగా ఉంచిన కోట కాబట్టి సరిపోయింది. డిస్కుల జట్టులో కూడా అలా ఒకటి ఊరికే కూర్చోబెట్టి ఉంచవచ్చుట. ఎవరైనా పడిపోతే కంట్రోలర్ ఎవరినీ అడక్కుండా దాన్ని ఆ స్థానంలోకి పిలుస్తుంది. హాట్ స్పేర్ అంటారు. ఖర్చెందుకులే అని మావాడు మానేశాడుట. నేను రైల్లోంచే ఫోన్ చేసి, "నీ పెట్టెలో ఒక పెనుకొండ పెట్టరా" అన్నాను. "నిద్రపోయినావా చిన్నమ్మా రాత్రి?" అన్నాడు వాడు అనుమానంగా.

ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుందామని అలమర తెరిచాను. మా అత్తగారు వెళ్ళిపోయి చాలాకాలమైంది. డబ్బాలు ఇంకా ఆవిడ పెట్టిన వరసలోనే ఉన్నాయి. చక్కెర పైఅరలో కుడిచివర, ఉప్పు కిందఅరలో ఎడమచివర. చూపులేని చెయ్యి పొరబాటున కూడా ఒకదానికి బదులు ఇంకొకటి అందుకోకుండా. ఇన్నేళ్ళూ అది పాతకాలపు చాదస్తం అనే అనుకున్నాను.

"ఇదేం సర్దుడమ్మా, సెలవుల్లో నేను మార్చేస్తాను" అని మా అమ్మాయి చాలాసార్లు అంది. మార్చుకోవచ్చు. తప్పేం లేదు, ఇప్పుడు ఈ ఇంట్లో అందరికీ కళ్ళు కనబడుతున్నాయి. నోటుబుక్కులో మిగిలిన పేజీ చింపి, ఏ డబ్బా ఎక్కడుందో వరసగా రాసి, అలమర తలుపు లోపలివైపు అంటించాను. మార్చేముందు అది చదువుకోమని.